హార్ట్‌బీట్ బాగుంది, డేటా ఆగింది: ఒక సెఫ్ క్లస్టర్ కేస్ స్టడీ

ఆదివారం తెల్లవారుజామున రెండు గంటల పది నిమిషాలకు ఫోను మోగింది. చాలా సర్వర్ల డిస్కులను ఒకే నిల్వగా కలిపే సెఫ్ సాఫ్ట్‌వేర్ మీద మా స్టోరేజి క్లస్టర్ నడుస్తుంది. అందులో 96 ఓఎస్‌డీలు, అంటే ఒక్కో డిస్కును చూసుకునే ప్రోగ్రాములు, ఉంటే వాటిలో 17 పడిపోయాయని రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రవాడు చెప్పాడు. అన్నీ ఒకే సర్వర్‌వి అయితే ఆ సర్వర్ పోయిందనుకుని మళ్లీ పడుకోవచ్చు. ఈ పదిహేడూ ఎనిమిది సర్వర్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకే రాత్రి ఇన్ని చోట్ల ఇన్ని డిస్కులు చావవు.

“పడిపోయినవి పడిపోయినట్టే ఉన్నాయా?” అని అడిగాను.

“లేదన్నా. కొన్ని లేస్తున్నాయి, కొన్ని పడుతున్నాయి. నేను రీస్టార్ట్ చేసినవి బాగుపడుతున్నాయి. అంతలో ఇంకెక్కడో ఇంకొకటి పడుతోంది.”

ఈ ఒక్క వాక్యంలోనే రోగం మొత్తం ఉంది. అది నాకు అర్థం కావడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు ఎలా గడిచాయో, సెఫ్‌లో డీమన్లు (తెర వెనక నిరంతరం నడిచే ఈ ప్రోగ్రాములు) ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయన్నది ఎందుకు మాకు ఆలస్యంగా తట్టిందో రాస్తున్నాను. సంస్థ పేరు, పరికరాల కంపెనీ పేర్లు ఇక్కడ అవసరం లేదు. క్లస్టర్ వివరాలు మాత్రం చెప్పాలి: ఎనిమిది సర్వర్లు, ఒక్కోదానిలో 12 డిస్కులు, ప్రతి డేటాకు మూడు ప్రతులు, సెఫ్ పసిఫిక్ వెర్షన్. క్లయింట్లు వాడే ముందు నెట్‌వర్క్ వేరు, ఓఎస్‌డీలు తమలో తాము మాట్లాడుకునే వెనక నెట్‌వర్క్ వేరు. వెనక నెట్‌వర్క్‌లో ప్రతి సర్వర్ నుంచి రెండు కేబుళ్లు, ఒకటి ‘ఎ’ స్విచ్‌కు, ఇంకొకటి ‘బి’ స్విచ్‌కు. రెండూ కలిసి ఒకే బాండ్‌గా పని చేస్తాయి. వెనక నెట్‌వర్క్ ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు ఉండగల గరిష్ఠ పరిమాణం, 9000 బైట్లు, ముందుది 1500.

ఇంకో వివరం. శనివారం రాత్రి ‘బి’ స్విచ్‌ను మార్చారు. పాతదానిలో ఫ్యాను పోయింది. ఒంటి గంట నలభైకి పని పూర్తయిందని నెట్‌వర్క్ బృందం మెయిల్ పెట్టింది.

చదివేవారికి ఇప్పుడే నవ్వు వచ్చి ఉంటుంది. స్విచ్ మార్చిన అరగంటలో గొడవ మొదలైతే స్విచ్‌ను అనుమానించకుండా ఇంకెవరిని అనుమానిస్తారు? మేమూ దాన్నే అనుమానించాం. కానీ మేము చేసిన పరీక్షే స్విచ్‌ను నిర్దోషిగా వదిలిపెట్టింది. ఆ సంగతికి వస్తాను. దానికి ముందు ఈ డీమన్ల మాటల లెక్క చెప్పాలి.

ఎవరు ఎవరితో మాట్లాడతారు

సెఫ్‌లో ఒక్కో డిస్కుకు ఒక్కో ఓఎస్‌డీ డీమన్ కాపలా ఉంటుంది. ఏ డేటా ఏ డిస్కులో ఉందో చెప్పే పెద్ద పద్దు పుస్తకం ఎక్కడా ఉండదు. క్రష్ అనే లెక్క వేసుకుని క్లయింటే నేరుగా సరైన ఓఎస్‌డీ దగ్గరకు వెళుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ ప్రాంగణంలో సేజ్ వైల్ చేసిన పరిశోధన నుంచి 2006లో ఈ రూపం బయటికి వచ్చినప్పటి నుంచీ ఇదే దాని స్వభావం. పెత్తనం చేసే మానిటర్లు కొద్దిమందే ఉండాలి, వాటికి పని తక్కువ ఉండాలి, బరువంతా ఓఎస్‌డీలే మోయాలి. ఒకటి చనిపోతే కనిపెట్టవలసిందీ ఇరుగుపొరుగు ఓఎస్‌డీలే. మానిటర్ ప్రతి ఇంటికీ వెళ్లి తలుపు తట్టదు. ఊరి పెద్దల్లా కూర్చుని, వచ్చిన ఫిర్యాదు విని, తీర్పు చెబుతుంది.

ఒక రాత వచ్చిందనుకుందాం. క్లయింట్ దాన్ని ప్రైమరీ ఓఎస్‌డీకి ఇస్తుంది. ప్రైమరీ తన దగ్గర రాసుకుంటూనే మిగతా రెండు ప్రతుల ఓఎస్‌డీలకు పంపుతుంది. ఆ రెండూ రాశామని చెప్పేదాకా క్లయింట్‌కు జవాబు వెళ్లదు. అంటే ముగ్గురిలో ఒకరు మౌనంగా ఉంటే రాత మొత్తం ఆగుతుంది. ఆ మౌనం చావు అని మానిటర్ తేల్చేదాకా, ఆ మనిషిని పక్కన పెట్టి మిగతా ఇద్దరితో పని సాగించేదాకా ఎదురుచూడటమే.

చావును కనిపెట్టేది హార్ట్‌బీట్. ఒక ఓఎస్‌డీ తన పొరుగు ఓఎస్‌డీలను ఆరు సెకన్లకు మించకుండా పలకరిస్తూ ఉంటుంది. 20 సెకన్లపాటు జవాబు రాకపోతే మానిటర్‌కు ఫిర్యాదు చేస్తుంది. ఒకరి మాట మీద తీర్పు ఉండదు. కనీసం ఇద్దరు, అదీ వేర్వేరు సర్వర్ల నుంచి చెప్పాలి. అప్పుడు మానిటర్ ఆ ఓఎస్‌డీ డౌన్ అని కొత్త మ్యాపు (ఏ ఓఎస్‌డీ ఉంది, ఏది లేదు అని చెప్పే జాబితా) విడుదల చేస్తుంది. మ్యాపుకు ఎపోక్ అనే వరుస సంఖ్య ఉంటుంది. మానిటర్ దాన్ని అందరికీ పంచదు, కొందరికి ఇస్తే చాలు. ఎదుటివాడి దగ్గర పాత ఎపోక్ ఉందని గమనించిన ఓఎస్‌డీ తన దగ్గరున్న కొత్తది అందిస్తుంది. ఊళ్లో వార్త పాకినట్టు పాకుతుంది.

ఇక్కడిదాకా ఏ శిక్షణ తరగతిలోనైనా చెబుతారు. చెప్పనిది, లేదా చెప్పినా మనం వినకుండా దాటేసేది ఒకటి ఉంది. హార్ట్‌బీట్ పోయే కనెక్షన్ వేరు, డేటా పోయే కనెక్షన్ వేరు.

వేరు అంటే నిజంగానే వేరు. ఒక ఓఎస్‌డీ లోపల క్లయింట్లతో మాట్లాడే మెసెంజర్ ఒకటి, తోటి ఓఎస్‌డీలతో డేటా మాట్లాడే మెసెంజర్ ఇంకొకటి. ఇవి కాక హార్ట్‌బీట్ కోసమే నాలుగు: ముందు నెట్‌వర్క్‌లో అడగడానికి ఒకటి, జవాబివ్వడానికి ఒకటి, వెనక నెట్‌వర్క్‌లో మళ్లీ అలాగే రెండు. కాబట్టి ఇద్దరు ఓఎస్‌డీల మధ్య డేటాకు ఒక టీసీపీ కనెక్షన్, హార్ట్‌బీట్‌కు నాలుగు కనెక్షన్లు ఉంటాయి. మా క్లస్టర్‌లో ఒక ఓఎస్‌డీకి ఇతర సర్వర్లలో గరిష్ఠంగా 84 మంది పొరుగువారు. ఐదు చొప్పున 420 కనెక్షన్లు. సర్వర్‌కు పన్నెండు ఓఎస్‌డీలు కాబట్టి ఐదు వేలు దాటుతాయి. వీటిలో ప్రతిదానికీ తన పోర్టు సంఖ్యలు, అంటే ఏ కనెక్షనో గుర్తుపట్టే అంకెలు, తనకు ఉంటాయి. ఆ పోర్టు సంఖ్యలే ఆ రాత్రి మా కొంప ముంచాయి.

మొదటి మూడు గంటలు

ల్యాప్‌టాప్ తెరిచేసరికి క్లస్టర్ ఆరోగ్య నివేదిక ఒక పేజీకి సరిపోలేదు. పీరింగ్‌లో (ప్రతులున్న ఓఎస్‌డీలు తమలో తాము లెక్క సరిచూసుకునే దశలో) ఇరుక్కున్న పీజీలు (సెఫ్ డేటాను విభజించే గుంపులు), ప్రతులు తగ్గిన పీజీలు, ముప్పై సెకన్లు దాటినా పూర్తికాని పనులు. ఎపోక్ సంఖ్య మన కళ్ల ముందే పెరుగుతోంది.

ముందుగా నోఅవుట్ జెండా పెట్టాను. ఒక ఓఎస్‌డీ పది నిమిషాలు డౌన్‌లో ఉంటే మానిటర్ దాన్ని క్లస్టర్ నుంచి అవుట్ చేస్తుంది, దాని డేటా మొత్తాన్ని ఇంకెక్కడికో పోయడం మొదలవుతుంది. ఇల్లు కాలుతుండగా సామాను సర్దుకోవడం లాంటిది అది. కాబట్టి నోఅవుట్ సరైన పనే, మళ్లీ ఇలాంటిది వచ్చినా మొదట అదే చేస్తాను.

తర్వాత పడిపోయిన ఒక ఓఎస్‌డీ లాగ్ తెరిచాను. డిస్కు లోపం లేదు, క్రాష్ లేదు. ‘ఈ మ్యాపులో నన్ను పొరపాటున డౌన్ అన్నారు, నేను నడుస్తూనే ఉన్నాను’ అన్న అర్థంలో ఒక వరుస, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే వరుస. పింఛను ఆగిపోయిన పెద్దాయన బ్యాంకుకు వెళ్లి తాను బతికే ఉన్నానని సంతకం పెట్టినట్టు ఆ ఓఎస్‌డీ తిరిగి తిరిగి మానిటర్ దగ్గర హాజరు వేయించుకుంటోంది. ఆరోసారికి విసిగి తనే తలుపు మూసుకుంది. ఇది సెఫ్‌లో ఉన్న కట్టడే. 600 సెకన్లలో ఐదుసార్లకు మించి ఇలా డౌన్ అనిపించుకుంటే ఓఎస్‌డీ తనంతట తానే ఆగిపోతుంది. కుర్రవాడు ఫోనులో చెప్పిన పదిహేడూ ఇలా ఆగిపోయినవే. చచ్చినవి కావు, అలిగినవి.

పొరుగు ఓఎస్‌డీల లాగ్‌లో ఇంకో ఆధారం. ఫలానా ఓఎస్‌డీ నుంచి జవాబు లేదు, వెనక నెట్‌వర్క్‌లో చివరి జవాబు ఇన్ని గంటలకు, ముందు నెట్‌వర్క్‌లో ఇన్ని గంటలకు అని అందులో రెండు సమయాలు ఉంటాయి. ముందుది తాజాగా ఉంది, వెనకది ఆగిపోయింది. అంటే వెనక నెట్‌వర్క్. అంటే స్విచ్.

నెట్‌వర్క్ మిత్రుణ్ణి నిద్ర లేపాను. ఆయన తిట్టుకుంటూనే చూశాడు. స్విచ్ పోర్టులన్నీ పని చేస్తున్నాయి, బాండ్‌లో రెండు లింకులూ పచ్చగా ఉన్నాయి, పింగ్ పోతోంది. “ఎంటీయూ చూశారా?” అని అడిగాను. ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నేనే మొదటి సర్వర్ నుంచి రెండో సర్వర్‌కు 8972 బైట్ల పింగ్ పెట్టాను, ముక్కలు చేయవద్దన్న షరతుతో. దానికి 8 బైట్ల ఐసీఎంపీ హెడర్, 20 బైట్ల ఐపీ హెడర్ కలిపితే సరిగ్గా 9000. వంద పంపితే వందా తిరిగి వచ్చాయి. మూడో సర్వర్‌కూ పెట్టాను. వందకు వంద. “ఎంటీయూ బాగానే ఉంది, క్షమించండి, పడుకోండి” అని ఆయన్ను పంపించేశాను.

ఆ రాత్రి నేను చేసిన పెద్ద తప్పు ఇదే. పింగ్ అబద్ధం చెప్పలేదు. నేను అడగని ప్రశ్నకు జవాబు ఇచ్చింది. బాండ్‌లో ఏ ప్యాకెట్ ఏ కేబుల్ మీద పోవాలో పంపే సర్వరే లెక్క వేసుకుని నిర్ణయిస్తుంది. ఆ లెక్కలో మా దగ్గర రెండు వైపుల ఐపీ చిరునామాలు, పోర్టు సంఖ్యలు ఉంటాయి. పింగ్‌కు పోర్టులు లేవు. ఒకసారి మొదలైన పింగ్ వరుస మొత్తం ఒకే కేబుల్ మీద పోతుంది. నా రెండు వందల ప్యాకెట్లూ ‘ఎ’ స్విచ్ మీదుగానే వెళ్లి వచ్చాయి. ‘బి’ స్విచ్‌ను అవి చూడనేలేదు.

స్విచ్ కాదని తేలిపోయింది కదా, ఇక మేము డిస్కుల మీద పడ్డాం. ఆరో సర్వర్‌లో ఒక డిస్కు మీద వారం క్రితం చిన్న హెచ్చరిక వచ్చి ఉంది. దాన్ని బయటకు తీయించాను. ఏమీ మారలేదు. హార్ట్‌బీట్ గడువును 20 నుంచి 60 సెకన్లకు పెంచుదామని ఒకరు అన్నారు. ఇది ప్రతి కష్టకాలంలోనూ ఎవరో ఒకరు చెప్పే వైద్యం. పోని ప్యాకెట్ 20 సెకన్లలో పోకపోతే 60లోనూ పోదు. పైగా ఆ గడువును మానిటర్లకూ ఓఎస్‌డీలకూ రెండింటికీ చెప్పాలి, ఒకరికే చెబితే ఇద్దరి లెక్కలు తప్పుతాయి. ఆ సలహాను పక్కన పెట్టాం.

దానికంటే చెడ్డ పని నేను చేశాను. నోడౌన్ జెండా పెట్టాను. అంటే ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేసినా మానిటర్ ఎవరినీ డౌన్ అని ప్రకటించదు. తెర మీద లేచిపడటాలు ఆగాయి. అలిగి కూర్చున్నవాటిని మళ్లీ లేపాం. 96కు 96 అప్. కుర్రవాడు ఊపిరి పీల్చుకున్నాడు. రెండు నిమిషాలకు వర్చువల్ మెషీన్లు చూసే బృందం నుంచి ఫోను వచ్చింది. ఇంతకుముందు నత్తనడక నడుస్తున్న డిస్కులు ఇప్పుడు పూర్తిగా బిగుసుకుపోయాయట. కావా మరి? ముగ్గురిలో ఒకరి దగ్గరికి మాట పోవడం లేదు, ఆయన్ను తప్పించే అధికారం పెద్దల చేతిలోంచి నేనే లాగేసుకున్నాను. రాతలన్నీ ఆ ఒక్క జవాబు కోసం కూర్చున్నాయి.

ఇందులో ఒక విడ్డూరం. బిగుసుకున్న కొన్ని పనులు దాదాపు పావుగంటకు వాటంతట అవే కదిలాయి. ఎందుకు కదిలాయో అప్పుడు ఎవరికీ తెలియలేదు. సమస్య దానంతట అదే తగ్గిపోతోందన్న ఆశతో ఇంకో ఇరవై నిమిషాలు వృథా చేశాం.

ఒక రాత ఎక్కడ ఆగింది

నాలుగున్నరకు మొత్తం క్లస్టర్‌ను చూడటం మానేసి ఒకే ఒక్క రాతను పట్టుకున్నాను. ఈ పని మొదటి పది నిమిషాల్లో చేసి ఉండాల్సింది. మూడో సర్వర్‌లోని ఓఎస్‌డీ 31 దగ్గర నడుస్తున్న పనుల జాబితా తీశాను. అన్నిటికంటే పాతది నాలుగు వందల సెకన్లుగా ఓఎస్‌డీ 58 జవాబు కోసం చూస్తోంది. ఐదో సర్వర్‌కు వెళ్లి 58 దగ్గర అదే జాబితా తీశాను. ఆ రాత అక్కడ లేదు. నెమ్మదిగా నడవడం కాదు, అసలు చేరలేదు.

అయితే 31, 58 మధ్య హార్ట్‌బీట్ ఎలా ఉంది? చక్కగా ఉంది. ముందు, వెనక, రెండు దిక్కులా. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఏ ఫిర్యాదూ లేదు. నోడౌన్ తీసేసినా ఈ జంట విషయంలో మానిటర్‌కు ఎవరూ ఏమీ చెప్పరు. కుశలమా అంటే కుశలమే. చేయవలసిన పని మాత్రం మధ్యదారిలో పడి ఉంది.

సెఫ్‌లో హార్ట్‌బీట్ సమయాలు చూపే ఆదేశం కూడా ఉంది, నాటిలస్ కాలం నుంచి. ఒక్కో పొరుగువాడి జవాబుకు ఒక నిమిషం, ఐదు నిమిషాలు, పదిహేను నిమిషాల సగటు ఎంతో చూపిస్తుంది. అది చూసి మోసపోయాం. అక్కడ అన్నీ మిల్లీసెకను లోపలే ఉన్నాయి. జవాబు వచ్చిన పలకరింపులకే కదా కొలత ఉండేది. జవాబే రానిదాన్ని అది సగటులో ఎలా కలుపుతుంది?

సెఫ్‌ను వదిలి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్‌ను అడిగాను. మూడో సర్వర్‌లో సాకెట్ల (నెట్‌వర్క్ కనెక్షన్ల చివరల) జాబితా తీసి, పంపవలసిన డేటా పేరుకుపోయినవి మాత్రం వడకట్టాను. ఓఎస్‌డీ 31 నుంచి 58కి పోయే డేటా సాకెట్‌లో మెగాబైటుకు పైగా పడి ఉంది. దాని పక్కన టీసీపీ వివరాలు: సెగ్మెంటు (టీసీపీ ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటా ముక్క) పరిమాణం 8948, పంపినదే మళ్లీ మళ్లీ పంపుతోంది, ప్రతిసారీ ఎదురుచూసే కాలం రెట్టింపవుతోంది. ఆ రెండు ఓఎస్‌డీల మధ్య ఉన్న హార్ట్‌బీట్ సాకెట్లలో మాత్రం నిల్వ సున్నా. అవే రెండు సర్వర్లు, అవే రెండు ఐపీలు, తేడా అంతా పోర్టు సంఖ్యలోనే.

పోర్టు మారితే కేబుల్ మారుతుందన్నది అప్పుడు తట్టింది.

ప్యాకెట్లను రెండు కేబుళ్ల మీద విడివిడిగా పట్టి చూశాం. ఇరుక్కున్న సాకెట్లన్నీ రెండో కేబుల్ మీదే పోతున్నాయి. ఒక్కటి కూడా మొదటిదాని మీద లేదు. పాపం నెట్‌వర్క్ మిత్రుణ్ణి మళ్లీ లేపాను. ఈసారి “పింగ్ వద్దు, ‘బి’ స్విచ్‌లో పరిమాణం మించిన ఫ్రేముల లెక్క చూడండి” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత “పెరుగుతోంది” అన్నాడు. కొత్త స్విచ్‌లో వీల్యాన్లు, బాండ్ అమరికలు అన్నీ ఎక్కించారు. జంబో ఫ్రేములను, అంటే 1500 దాటిన పెద్ద ప్యాకెట్లను, అనుమతించే ఒక్క వరుస ఎక్కలేదు.

అంతా ఒకసారి కలిపి చూస్తే

సర్వర్లు రెండూ 9000 అనుకుంటున్నాయి. కనెక్షన్ కలిసేటప్పుడు రెండు చివర్లూ చెప్పుకునే పరిమాణం కూడా ఆ లెక్కతోనే కుదిరింది. మధ్యలో ఉన్న స్విచ్ 1500 దాటినదాన్ని పారేస్తోంది. రూటర్ అయితే ‘ఇది పెద్దది, చిన్నదిగా పంపు’ అని తిరుగు సందేశం పంపేది. స్విచ్ ఆ మర్యాద పాటించదు, చప్పుడు చేయకుండా పారేస్తుంది. పంపేవాడు పోయిందనుకుని అదే పరిమాణంలో మళ్లీ పంపుతాడు. టీసీపీలో వరుస తప్పకూడదు కాబట్టి ముందున్న పెద్దది కదిలేదాకా వెనకున్న చిన్న సందేశాలూ కదలవు. సన్న వంతెన మీద లారీ ఇరుక్కుంటే దాని వెనక సైకిలూ ఆగాల్సిందే.

ఇక ఏ కనెక్షన్ ‘బి’ మీదుగా పడుతుందన్నది పోర్టుల లెక్క మీద ఆధారపడిన జూదం. ఇద్దరు ఓఎస్‌డీల మధ్య హార్ట్‌బీట్ ‘బి’ మీద, డేటా ‘ఎ’ మీద పడిందనుకోండి. డేటా హాయిగా పోతుంటే మానిటర్ దగ్గర చావు ఫిర్యాదు నమోదవుతుంది. ఇక్కడ ఒక సందేహం రావచ్చు: హార్ట్‌బీట్ చిన్న సందేశం కదా, 1500లో ఇమడదా? పాత వెర్షన్లలో ఇమిడేది. అందుకే అప్పట్లో ఎంటీయూ తేడా ఉంటే హార్ట్‌బీట్లన్నీ బాగుండి పీరింగ్ మాత్రం ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. ఆ బాధ పడినవారి వల్లే తర్వాత హార్ట్‌బీట్ సందేశానికి అట్టముక్కలు కుక్కి కనీసం 2000 బైట్లు చేశారు. జవాబుకూ అంతే. ఎంటీయూ తేడా ఉంటే అదే పట్టుబడాలని. ఉద్దేశం మంచిదే, పట్టుబడింది కూడా. నేనే చూడలేదు. చిన్న పింగ్ పోతూ వెనక హార్ట్‌బీట్ మాత్రం ఆగితే అది ఎంటీయూ అని ఆ 2000 అరిచి చెబుతోంది.

దీనికి తలకిందులుగా ఉన్న జంటలు 31, 58 లాంటివి. హార్ట్‌బీట్ ‘ఎ’ మీద, డేటా ‘బి’ మీద. వీటికి ఆ 2000 బైట్ల తెలివి కూడా పనికిరాదు. ఓఎస్‌డీ తన లోపలి థ్రెడ్లు స్తంభించిపోతే హార్ట్‌బీట్‌కు జవాబివ్వడం మానేస్తుంది, అంత జాగ్రత్త దానిలో ఉంది. కానీ ఇక్కడ థ్రెడ్లు స్తంభించలేదు. సాకెట్‌లో పెట్టేశాను, పని అయిందనుకుంటోంది 31. ఏదీ రాలేదు, పని లేదనుకుంటోంది 58. ఇద్దరూ ఆరోగ్యవంతులే.

రీస్టార్ట్ చేస్తే ఎందుకు బాగుపడుతోందో కూడా తేలింది. రీస్టార్ట్ అయిన డీమన్ 6800 నుంచి 7300 వరకు ఉన్న వరుసలో వేరే పోర్టులు పట్టుకోవచ్చు. అటునుంచి కనెక్షన్ కలిపే పోర్టులు ఎలాగూ కొత్తవే. పాచికలు మళ్లీ వేసినట్టు. అంతేకాదు, పొరపాటున డౌన్ అనిపించుకున్న ఓఎస్‌డీ రీస్టార్ట్ లేకుండానే పాత పోర్టులు వదిలి కొత్తవి కట్టుకుంటుంది. కాబట్టి రోగం ఒక చోట తగ్గి ఇంకో చోట తేలడం మా చేతుల్లో లేని పని, క్లస్టర్ తనంతట తానే పాచికలు వేసుకుంటోంది. కుర్రవాడు మొదటి ఫోనులో చెప్పిన వాక్యం ఇదే.

పావుగంట రహస్యమూ అంతే. లినక్స్ టీసీపీ మామూలు అమరికలో పదిహేనుసార్లు తిరిగి పంపి చూస్తుంది. ఆ ఎదురుచూపులన్నీ కలిపితే సుమారు 924 సెకన్లు. అప్పుడు ఆశ వదులుకుని కనెక్షన్ తెంపుతుంది. సెఫ్ మెసెంజర్ వెంటనే మళ్లీ కలిపి, జవాబు అందని సందేశాలను వరుస ప్రకారం తిరిగి పంపుతుంది. కొత్త కనెక్షన్, కొత్త పోర్టు. అదృష్టం ఉంటే ‘ఎ’ స్విచ్.

తెల్లవారాక

ఐదుంబావుకు ప్రతి సర్వర్‌లోనూ రెండో కేబుల్‌ను కిందికి దించాం, అంటే వాడకుండా ఆపేశాం. కనెక్షన్లన్నీ మొదటి కేబుల్ మీదికి మారాయి. టీసీపీ రెండు ప్రయత్నాల మధ్య ఆగే కాలం గరిష్ఠంగా 120 సెకన్లు కాబట్టి రెండు నిమిషాల్లో సాకెట్లలో పేరుకున్నదంతా కారిపోయింది. నోడౌన్ తీసేశాం. ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. నోఅవుట్ పెట్టి ఉంచినందువల్ల పీజీలు తాము తప్పిపోయిన రాతలను మాత్రమే లాగ్ చూసి సరిచేసుకున్నాయి. ఆరున్నరకు అన్నీ పచ్చబడ్డాయి. డేటా ఒక్క బైటు పోలేదు. ఇందులో మా గొప్పతనం లేదు. అందరూ రాశామని చెప్పేదాకా క్లయింట్‌కు జవాబివ్వని కట్టడి డేటాను కాపాడింది. మమ్మల్ని ఏడిపించిందీ ఆ కట్టడే.

సోమవారం రాత్రి ‘బి’ స్విచ్‌లో జంబో ఫ్రేముల అమరిక చేసి, ఒక్కో సర్వర్ కేబుల్‌ను విడివిడిగా పైకి తెచ్చాం. పరీక్ష పద్ధతి మార్చాం. మొదట ‘ఎ’ కేబుల్ దించి పెద్ద పింగ్, తర్వాత ‘బి’ దించి పెద్ద పింగ్, రెండూ ఉంచి ప్రతి సర్వర్ జంట మధ్య పదహారు టీసీపీ ధారలు ఒకేసారి. ఏ ఒక్క ధార సున్నా దగ్గర ఆగినా ఆ సర్వర్ దాటి ముందుకు పోం. సమయం పడుతుంది. పట్టనీ.

ఇక్కడి నుంచి మా బృందంలో అభిప్రాయాలు వేరయ్యాయి. అసలు 9000 ఎందుకని నేను వాదించాను. నేటి నెట్‌వర్క్ కార్డులు పెద్ద బఫర్‌ను తామే ముక్కలు కోసి పంపుతాయి, జంబో వల్ల కలిసివచ్చేది మా వాడకంలో స్వల్పం. దానికి బదులుగా ప్రతి స్విచ్‌లో, ప్రతి పోర్టులో, ప్రతి మార్పిడిలో ఒక వరుస మరవకుండా ఉండాలి. ఓటింగులో ఓడిపోయాను. 9000 అలాగే ఉంది.

రెండో వాదన టీసీపీ ఎంటీయూ ప్రోబింగ్ గురించి. దాన్ని పెడితే పెద్ద ప్యాకెట్లు మాయమవుతున్నాయని టీసీపీయే అనుమానించి పరిమాణం తగ్గించుకుంటుంది, రాతలు ఆగవు. పెట్టాం. కానీ నాకు సగం మనసే. నొప్పి తెలియకుండా చేసే మాత్ర అది. స్విచ్ తప్పు నెలల తరబడి దాక్కుంటుంది, క్లస్టర్ కాస్త నెమ్మదించిందని మాత్రమే అనిపిస్తుంది. అందుకని దానితోపాటు ఇంకో కాపలా పెట్టాం. ప్రతి సర్వర్‌లో నిమిషానికోసారి, వెనక నెట్‌వర్క్ సాకెట్లలో తిరిగి పంపుతూ నిల్వ పేరుకున్నవి ఎన్నో, సెగ్మెంటు పరిమాణం తగ్గిపోయినవి ఎన్నో లెక్కపెట్టి పంపుతుంది. రెండింటిలో ఏది పెరిగినా, ఓఎస్‌డీలన్నీ అప్ అని చూపిస్తున్నా సరే, ఫోను మోగుతుంది.

ఆ రాత్రి ఆరో సర్వర్ నుంచి పీకించిన డిస్కును తర్వాత రెండు రోజులు పరీక్షించాం. ఏ లోపమూ దొరకలేదు. మళ్లీ అదే అరలో పెట్టాం. ఓఎస్‌డీ 64గా ఇప్పటికీ నడుస్తోంది.